నేను నిలబడడం నేర్చుకున్న నెల

ఆ రోజుల్లో నౌకరి అంటే కూర్చోవడమేనని మా ఊళ్లో అందరికీ గట్టి నమ్మకం. ఎండలో నిలబడేవాడు కూలి, నీడలో కూర్చునేవాడు నౌకరిదారు. (మా బాపు కూడా మగ్గం దగ్గర జీవితమంతా నీడలోనే కూర్చున్నాడు. దాన్ని మాత్రం ఎవరూ నౌకరి అనలేదు. ఆ తేడా ఏమిటో నాకిప్పటికీ అంతుపట్టదు.) అందుకే కరీంనగర్ జిల్లాలోని మా నేతగాళ్ల వాడ నుంచి ఆదిలాబాద్ పత్తి మిల్లుకు గుమాస్తాగా బయలుదేరినప్పుడు, ఇక నా బతుకు కుర్చీలోనే గడిచిపోతుందని సంబరపడ్డాను. తీరా ఆ కుర్చీ నాకు దక్కింది నిలబడడం వల్ల. ఈ మాట చెబితే ఇప్పుడు మా ఇంట్లోవాళ్లే నమ్మరు. అదీ మామూలు నిలబడడం కాదు. రెండు కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, చేతిలో ఒక వంకర కర్ర పట్టుకుని, నేల మీద నిమ్మకాయంత బంతిని రెప్పవేయకుండా చూస్తూ నిలబడడం. దాన్ని గోల్ఫు అంటారని నాకు ఇరవై ఏళ్లు దాటాక తెలిసింది.

మా మిల్లు మేనేజరు పార్సీ ఆయన. అందరం పెద్దసాబ్ అనేవాళ్లం. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు కుటుంబాన్ని అక్కడే ఉంచి, ఒక తోలుసంచి నిండా గోల్ఫు కర్రలు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. మిల్లు వెనక బీడు పడిన రేగడి నేలలో అయిదు చోట్ల చిన్న గుంటలు తవ్వించి, ఒక్కో దాంట్లో జెండా పాతించాడు. గడ్డి పెంచుదామంటే నీళ్లు లేవు. అందుకని గుంటల చుట్టూ ఇసుక పోయించి, అది గాలికి లేవకుండా యంత్రాల కింద కారిన పాత నూనె కలిపించి చదును చేయించాడు. చలి తగ్గిందంటే ఆ రేగడి నెర్రెలు విచ్చేది. బంతి నెర్రెలో పడిందా, ఇక భూదేవికి సమర్పించుకున్నట్టే. తనకు తెలిసిన తెలుగంతా పెద్దసాబ్ మిల్లు కూలీల దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి, బంతి పోయినప్పుడు ఆయన తిట్టే తిట్లు మాకు బాగా అర్థమయ్యేవి. కూలీలు మాత్రం ఆ ఆటను చాటుగా ‘సాబ్ చిర్రగోనె’ అని పిలిచేవాళ్లు. (చిర్రగోనె అంటే బిళ్లంగోడే.)

నేనందులో దిగడానికి కారణం అసలు చిర్రగోనే. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ కూలీలతో కలిసి ఆడుతున్నాను. నేల మీది చిన్న చిర్రను పొడుగు గోనె కర్రతో ఎగరేసి ఒక్కటి కొడితే, అది పత్తిగింజల కుప్ప దాటి వెళ్లి పెద్దసాబ్ గది కిటికీ అద్దం పగలగొట్టింది. వెంటనే పిలుపు వచ్చింది. నేను సీజను గుమాస్తాను. పత్తి వచ్చినన్నాళ్లే కొలువు, పత్తి అయిపోతే ఇంటికి. ఇంటికి అంటే ఊరికి కాదు. బాపుకు దగ్గరి చూపు మందగించి, తెగిన పోగు కనిపించక, మగ్గం దిగి అవ్వతో, అంటే మా అమ్మతో సహా నా ఒంటిగది అద్దె ఇంటికి వచ్చేసి అప్పటికి మూడు నెలలు. నా కొలువు పోతే ఆయన కనిపించని కళ్లతో మళ్లీ మగ్గం ఎక్కాల్సిందే. అద్దంతో పాటు మా ముగ్గురి అన్నం కుండ కూడా పగిలిందనుకుంటూ లోపలికి పోయాను.

పెద్దసాబ్ కిటికీలోంచి గింజల కుప్పను చూస్తున్నాడు. “గక్కడికెల్లి కొట్టినవా?” అన్నాడు.

“గలతీ అయింది సాబ్.”

“గలతీ ముచ్చట తర్వాత. గక్కడికెల్లేనా?”

అవునన్నాను. ఆయన నా భుజాలను, చేతులను బేరానికి వచ్చిన ఎద్దును చూసినట్టు చూశాడు. నెల తర్వాత ఆదివారం ఇద్దరు అతిథులు ఆటకు వస్తున్నారట. ఇటు తనకు జోడీగా ఉండే ఇంజనీరు బదిలీ మీద వెళ్లిపోయాడట. “నువ్వు నేర్చుకో. నెలదినాల్ల నిన్ను తయారుజేస్త. గెలిస్తే నీ నౌకరి పక్కా. ఓడితే సీజనుతోని నువ్వు బీ పోతవ్,” అన్నాడు. నేను చేతులు కట్టుకుని ‘జీ సాబ్’ అని, వెనక్కి నడుచుకుంటూ గది బయటికి వచ్చాను. పెద్దసాబ్ వింతగా చూసి, “ఏందిరా, పాయిజామ ఎన్క చినిగిందా?” అని అడిగాడు.

పాయిజామాకేం కాలేదు. మా ఊళ్లో దొర ఎదురైతే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, పక్కకు తప్పుకోవాలి, ఆయన దాటిపోయేదాకా వీపు చూపించకూడదు. ఆయన ఉండే గడీలోకి పోయినవాడు తిరిగి రావాలంటే వెనక్కి నడుస్తూనే రావాలి. బాపు వెంట బట్టల మూట మోసుకుని గడీకి పోయి పోయి, ఏడేళ్లకే నేను గడప తగలకుండా, మెట్టు తప్పకుండా వెనక్కి నడవడంలో ఆరితేరాను. మా వాడలో ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. తర్వాత నిజాం పోయాడు, జాగీర్లు పోయాయి, ఆఖరికి రాష్ట్రం పేరు కూడా మారిపోయింది. నా కాళ్లకు మాత్రం ఆ వార్త ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పాఠం మొదలైంది. పెద్దసాబ్ తన పాత కాన్వాసు బూట్లు నాకిచ్చాడు. అవి నా పాదాలకు రెండు సైజులు పెద్దవి. పత్తి మిల్లులో పనిచేసేవాడికి దానికేం లోటు, ముందువైపు పత్తి కుక్కుకుని తొడుక్కున్నాను. కర్ర చేతికి రాగానే అలవాటు కొద్దీ బంతి అంచున తట్టి పైకి లేపబోయాను. పెద్దసాబ్ తల పట్టుకున్నాడు. “గీ ఆట చేతులది గాదు, కాళ్లది. కాళ్లు ఎటు జూస్తే బంతి అటు పోతది. జెండా దిక్కు మొకం పెట్టకు, ఎడమ భుజం పెట్టు. బంతికెల్లి జెండాదాక నేల మీద తాడు గుంజినట్టు అనుకో. నీ రెండు బూట్ల మొనలు గా తాడు పొంటి ఉండాలె.” చిర్రగోనెలో కొట్టే దిక్కుకే చూస్తాం కదా, ఈ అడ్డంగా నిలబడే ఆట ఏమిటో నాకు మొదట మింగుడుపడలేదు. ఇక బంతి పెట్టే చోటు ఇంకో చదువు. పొడుగు కొయ్య కర్ర పట్టుకుంటే బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. పొట్టి ఇనుప కర్ర అయితే రెండు కాళ్లకూ నడిమధ్య ఉండాలి. మధ్యరకం కర్రలకు ఆ రెండు చోట్లకూ మధ్యలో. “ఈడ వేలెడు జరిగితే ఆడ బండెడు జరుగుతది,” అనేవాడు. మోకాళ్లు వంచమంటే నేను పూర్తిగా వంచేవాణ్ని. “గంతగనం గాదు. కూసుంటున్నవా ఏంది?” అని కర్రతో మెల్లగా పొడిచేవాడు.

చదివింది రాసుకుంటేగాని ఎక్కని రకం నేను. అందుకని సాయంత్రం ఇంటికి వచ్చి వాకిట్లో సున్నంతో రెండు పాదాలు గీసుకున్నాను, భుజాలంత ఎడంగా, పక్కపక్కన. ఎడమ మడమకు ఎదురుగా ఒక చుక్క, నడుమ ఒక చుక్క, ఆ రెంటి మధ్య ఇంకోటి. బాపు ఊరి నుంచి తెచ్చుకున్న రద్దు నూలును చేతి స్పర్శతోనే బిగించి బిగించి చుట్టి, లోపల చింతగింజ పెట్టి, అచ్చం గోల్ఫు బంతి కొలతకే బంతి చేసిచ్చాడు. కళ్లు పనిచేయకపోయినా ఆ వేళ్లు ఒక్క పోగు వదులు రానివ్వలేదు. మర్నాడు చూస్తే మూడు చుక్కల మీదా పసుపు కుంకుమ ఉన్నాయి, పాదాల దగ్గర రెండు బంతిపూలు కూడా. మా ఇంటి యజమానురాలు మరాఠీ ఆవిడ. వాళ్లకు భాద్రపదంలో గౌరమ్మ పాదాలు ముగ్గుతో వేసే ఆచారం ఉంది. అవ్వ ఎంతో భక్తిగా గౌరమ్మ పాదాలు గీయించిందని, కాకపోతే తెలుగువాళ్లు కాబట్టి నెల తప్పి గీయించిందని ఆవిడ అనుకున్నది. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లు కూడా వచ్చి మొక్కి పోయారు. అవ్వకు భయం పట్టుకుంది.

“కొడుకా, దేవి అంటే ఇంట్లకన్న రావాలె, బయటికన్న పోవాలె. గిట్ల వాకిట్ల అడ్డంగ నిలవడితే ఎట్లరా?” అన్నది.

“గవి దేవి పాదాలు గావు అవ్వా. నావి.”

“మెల్లగ అను. వాళ్లు మొక్కిండ్రు.”

చెరపడానికి యజమానురాలు ఒప్పుకోలేదు. నెలంతా నేను ఆ పాదాల మీదే నిలబడి, కుంకుమ బొట్టు మీద బంతి పెట్టి కొట్టాను. బంతి ఎర్రబడింది. పూజ అందుకున్న చోటు నుంచి కొట్టడం వల్లనో ఏమో, వాకిట్లో నా గురి ఏనాడూ తప్పలేదు.

మైదానంలో మాత్రం ఒక చిత్రమైన జబ్బు పట్టుకుంది. ఒక్కణ్నే ఉంటే బంతి తాడు పట్టినట్టు జెండా దగ్గరికి పోయేది. పెద్దసాబ్ నా భుజాల వరుస చూద్దామని వచ్చి వెనక నిలబడ్డాడా, కుడి పక్కకు కొట్టుకుపోయి గింజల కుప్పలో పడేది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నాకు మెల్లకన్ను ఉందేమోనని ఒకరోజు నా రెండు కళ్లూ విప్పి చూశాడు. చివరికి విసుగొచ్చి, వెనక నుంచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. బంతి తిన్నగా పోయింది. మరో పది కొట్టించాడు, పదీ తిన్నగానే పోయాయి. తన బోధన ఇన్నాళ్లకు తలకెక్కిందని ఆయన, ఆట వచ్చేసిందని నేను మురిసిపోయాం. ఆ తర్వాత నెల నిండేదాకా ఆయన నా ఎదుటే నిలబడి నేర్పాడు. రోగం కుదరలేదనీ, నిద్రపోయిందనీ ఇద్దరికీ తెలియదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. రాత్రి నాలుగు చినుకులు పడి రేగడి పైపైన మెత్తబడింది. మిల్లుకు సెలవు కాబట్టి కూలీలంతా పత్తి బేళ్ల మీద ఎక్కి కూర్చున్నారు. అవ్వ, బాపు మంచినీళ్ల బిందెతో ఓ పక్కన కూర్చున్నారు. జీపు వచ్చి ఆగింది. ముందు ఒక ఫారెస్టు ఆఫీసరు దిగాడు. వెనక నుంచి దిగినాయన్ను చూసి నా బూట్లలోని పత్తి తడిసినంత పనైంది. మా ఊరి దొర. అడవిలో షికారుకు వచ్చాడట, హైదరాబాదులో ఉన్నప్పుడు ఈ ఆట కూడా నేర్చాడట. తిరిగి చూస్తే బాపు అప్పటికే లేచి నిలబడి, చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

దొర నన్ను గుర్తుపట్టలేదు. జోడీకి ఒకటే బంతి, ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి, అయిదింట్లో మూడు గుంటలు ముందు గెలిచిన జోడీదే ఆట. నా వంతు వచ్చింది. కొట్టేవాడి కంటికి అడ్డం రాకూడదన్నది ఆ ఆటలో మర్యాద. దొర మర్యాద తెలిసినవాడు. నా వెనక్కి వచ్చి నిలబడి, “కొట్టు పిలగా, పరేషాన్ గాకు. నేను ఎన్కనే ఉన్న,” అని ధైర్యం చెప్పాడు. అంతకన్నా భయంకరమైన మాట నేను జీవితంలో వినలేదు. బంతి గింజల కుప్పలో పడింది. మొదటి గుంట పోయింది. రెండో దాంట్లో దొర కొట్టిన బంతి నెర్రెలో దూరితే, ఆయన మనుషులతో కలిసి వెతుక్కుంటూ దూరంగా ఉండిపోయాడు. ఆ సందులో నేను తిన్నగా కొట్టాను, మేము గెలిచాం. మూడో దాంట్లో మళ్లీ వెనకే నిలబడ్డాడు, మళ్లీ గింజల కుప్ప. నాలుగో దాని దగ్గర ఆయన జీపులో కూర్చుని సిగరెట్టు తాగుతుంటే మేము గెలిచాం. చెరి రెండు. పెద్దసాబ్ మొహంలో రంగులు మారిపోతున్నాయి.

చివరి గుంట దారిలో ఒక ఒర్రె ఉంది, సన్నటి వాగు. పెద్దసాబ్ పొడుగు కర్రతో బ్రహ్మాండంగా కొట్టి బంతిని ఒర్రెకు ఇవతల ఆపాడు. అవతల నూరడుగుల్లో జెండా. పొట్టి ఇనుప కర్రతో ఒర్రె దాటించాల్సింది నేను. కుడి పక్కకు పోతే నీళ్లే, నీళ్లలో పడితే ఆట పోయినట్టే, నా కొలువూ పోయినట్టే. బంతి దగ్గర కాళ్లు సర్దుకున్నాను. దొర వచ్చి వెనక నిలబడ్డాడు. పెద్దసాబ్ ఒక్కసారిగా “ఠైరో, ఆగు” అన్నాడు. వచ్చి నేల వైపు చూపించాడు. మెత్తటి రేగడిలో నా బూట్ల గుర్తులు అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. ఎడమది సరిగ్గా ఉంది. కుడిది జానెడు వెనక్కి జరిగి, దొర నిలబడిన వైపుకు మొన తిరిగి ఉంది. “గీ కుడికాలుకు ఏమైందిరా? ఎవ్వల దిక్కు జూస్తుంది?” అన్నాడు.

ఆ కాలు ఇంకా గడీలోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. నీళ్లు తాగి వస్తానని అవ్వ దగ్గరికి పోయాను. బాపు దూరపు చూపు భేషైనది, ఆయన అంతా చూస్తూనే ఉన్నాడు. చెంబు నా చేతికిచ్చి మెల్లగా అడిగాడు.

“నేను మగ్గం గుంటల కాళ్లు పెట్టి నేసేటప్పుడు దొర మన ఇంటికి వస్తుండె, యాదికున్నదా?”

“ఉన్నది బాపు.”

“ఏడ నిలవడుతుండె?”

“నీ ఎన్క. అంచు చూసుకుంట.”

“నేను లేసిన్నా?”

“లేవలే.”

“ఎందుకు లేవలే?”

“లేస్తే పోగులు తెగుతయి.”

“మరి?” అన్నాడు బాపు.

నిజమే. గడీలో వెనక్కి నడిచిన అదే మనిషి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకున్నప్పుడు మాత్రం ఎవరి కోసమూ లేవలేదు, తిరిగి చూడలేదు. దొర కూడా ఏనాడూ తప్పు పట్టలేదు. పని మీద ఉన్నవాడి వీపు వీపు కాదు. ఇన్నేళ్లూ కళ్ల ముందున్న సంగతి నాకు గోల్ఫు మైదానంలో అర్థమైంది.

వెళ్లి నిలబడ్డాను. నా కాళ్ల కింద బాపు మగ్గం గుంట ఉందనుకున్నాను. రెండు కాళ్లు భుజాలంత ఎడంగా, బంతి నడిమధ్య, అవ్వను భయపెట్టిన రెండో బొట్టు ఉన్నచోట. కుడికాలు వెనక్కి జరగబోయింది. ‘పోగులు తెగుతాయి’ అని దానికి చెప్పాను. ఆగింది. మా వంశంలో దొర వైపు వీపు తిప్పి, పగటిపూట, పదిమంది ముందు నిలబడిన మొదటివాణ్ని నేనే అయివుంటాను. వీపు మీద చెమట కారుతున్నా పెదవుల మీదికి ఎందుకో నవ్వు వచ్చింది. కొట్టాను. చేతికి దెబ్బ తగిలినట్టే లేదు. బంతి లేచి, ఒర్రె దాటి, నూనె ఇసుక మీద పడి, దొర్లి, జెండా కర్రకు మూరెడు దూరంలో ఆగింది. బేళ్ల మీంచి కూలీల కేకకు జీపు డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. పెద్దసాబ్ దాన్ని గుంటలోకి నెట్టేశాడు. అవతలి జోడీ బంతి ఇంకా ఒర్రెలోనే ఉంది. గెలిచాం.

దొర నా దగ్గరికి వచ్చాడు. “ఎవ్వని కొడుకువు పిలగా?” అని అడిగాడు. నేను బాపును చూపించాను. ఆయన కాసేపు చూసి గుర్తుపట్టాడు.

“నీ కొడుకా? మంచిగ నిలవడ్డడు,” అన్నాడు.

“నేర్చుకుండు దొరా,” అన్నాడు బాపు. అని, వంగి, పొద్దుటినుంచి చేతిలో పట్టుకున్న చెప్పులను కింద పెట్టాడు. తొందరపడలేదు. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు పెట్టి తొడుక్కుని, లేచి నిటారుగా నిలబడ్డాడు. దొర ఆ చెప్పుల వైపు చూశాడు, బాపు మొహం వైపు చూశాడు. తర్వాత పెద్దసాబ్ వైపు తిరిగి, “చాయ ఏమాయె?” అని అడిగాడు. ఒర్రె దాటిన దెబ్బకన్నా ఆ చెప్పులే నాకు పెద్ద గెలుపు. ఆ సంతోషం మళ్లీ అంత నిండుగా నాకెప్పుడూ కలగలేదు.

సోమవారం పెద్దసాబ్ నన్ను గదిలోకి పిలిచి పక్కా నౌకరి కాగితం చేతికిచ్చాడు. సలాం చేసి, ఈసారి మనిషిలా ముందుకు తిరిగి, దర్జాగా గది బయటికి నడిచాను. అలా బయటికి రావడం బొత్తిగా అలవాటు లేకపోవడంతో, చాయ కప్పులతో వస్తున్న చప్రాసీని గుద్దుకుని ఇద్దరం కింద పడ్డాం.

పెద్దసాబ్ కొన్నేళ్లకు హైదరాబాదు వెళ్లిపోయాడు. మైదానం నిండా పత్తి బేళ్లు వచ్చి చేరాయి. నేను మళ్లీ ఆ ఆట ఆడలేదు, కుర్చీలో కూర్చునే రిటైరయ్యాను. బాపు చుట్టిన నూలు బంతి మాత్రం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, కుంకుమ ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని తీసి నేల మీద పెడతాను. కాళ్లు వాటంతట అవే భుజాలంత ఎడంగా సర్దుకుంటాయి. మోకాళ్లు కాస్త వంచమంటే మాత్రం ఇప్పుడు వినడం లేదు. వెనక ఎవరున్నారో చూడకుండా చేతికర్ర ఊపుతాను. బంతి మంచం కిందికి పోతుంది. వంగి తీసుకోవడం చేతకాదు కాబట్టి, ఎవరో ఒకరు ఇంటికి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటాను. నిలబడడం మాత్రం నాకు బాగా వచ్చు.